గోడ దాటిన మేత

కుందేలును పెంచడం సిరిల్ లంబ్‌కు చేతకాదు. అందులో వాదించడానికి ఏమీ లేదు. ముప్పై ఏళ్లు బస్సు నడిపినవాడికి బస్సు గురించి తెలుస్తుంది. పెళ్లి లేదు, పిల్లలు లేరు, ఇంట్లో ఏనాడూ ఒక పిల్లి తిరిగింది లేదు. అలాంటివాడి చేతికి ప్రాణమున్న దాన్ని అప్పగిస్తే ఏమవుతుందో వాల్టర్ హోల్‌రాయిడ్ ప్రతి ఉదయం తన వంటగది కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు.

ఆ శనివారం ఉదయమూ చూశాడు. మే నెల వచ్చినా కొండ మీద మంచు విడలేదు. రెండు పెరళ్ల మధ్య నడుమెత్తు రాతిగోడ. గోడకు అవతల, సిరిల్ పెరట్లో, కుందేలు ఉండే చెక్క గూడు. సిరిల్ ఇంట్లో వేసుకునే చెప్పులతోనే తడి గడ్డిలో నడిచి వచ్చాడు. చంకలో ఎండుగడ్డి. దాన్ని గూట్లో కుక్కి, నీళ్లు మార్చి, వంగి లోపలికి చూస్తూ చాలాసేపు నిలబడి, తల గీరుకుంటూ వెళ్లిపోయాడు. అంతే. గింజ లేదు, తవుడు లేదు, ఒక క్యారెట్ ముక్క లేదు.

"గాడిదకి వేసినట్టు వేస్తున్నాడు," అని వాల్టర్ పైకే అన్నాడు. వినడానికి ఇంట్లో ఎవరూ లేరు. నోరా పోయి ఏడు నెలలైంది.

ఆ కుందేలు నోరాది. బూడిద రంగు ఒళ్లు, వేలాడే చెవులు, ముక్కు మీద గుండీ అంత నల్లమచ్చ. అందుకే బటన్ అని పేరు పెట్టింది. నాలుగేళ్లు పెంచింది. ఆ నాలుగేళ్లలో వాల్టర్ దాన్ని ముట్టుకున్నది లేదు. కానీ కుందేళ్ల గురించి తెలియదంటే అతను ఒప్పుకోడు. యుద్ధం రోజుల్లో, మాంసం రేషను మీద దొరికే కాలంలో, వాళ్ల నాన్న ఇంటి వెనక పన్నెండు కుందేళ్లను పెంచాడు. బడికి వెళ్లే ముందు వాటికి మేత వేయడం వాల్టర్ పని. వేడినీళ్లలో కలిపిన తవుడు, రొట్టె అంచులు, వేసవిలో బుట్టెడు పచ్చగడ్డి. ఒక్కొక్కటి గొర్రెపిల్లలా నిగనిగలాడేది. ఆ ఊరి బడిలో నేర్పిన లెక్కల కన్నా అతనికి ఆ మేత లెక్కే బాగా గుర్తుంది.

అందుకని ఫిబ్రవరి నుంచి చేయవలసింది అతనే చేస్తున్నాడు. తొమ్మిదింటికి సిరిల్ పేపరు కోసం వీధి చివరికి వెళ్తాడు. దారిలో కనిపించిన ప్రతివాడితోనూ మాట్లాడి నలభై నిమిషాలకు గానీ తిరిగి రాడు. అతను మలుపు తిరగ్గానే వాల్టర్ గిన్నె పట్టుకుని పెరట్లోకి దిగుతాడు. గోడ మీద వంగితే గూడు ముందున్న తీగల ఆవరణ చేతికందుతుంది. అతని అడుగు చప్పుడు వినగానే కుందేలు పరుగెత్తుకొస్తుంది. ఈ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజు తొమ్మిది కొట్టకముందే కూతురు జూడిత్ కారు వచ్చి ఆగింది. పక్క ఊళ్లో ఉంటుంది. ప్రతి శనివారం సరుకులు తెచ్చి, ఫ్రిజ్ తుడిచి, తండ్రితో ఒక గొడవ పడి వెళ్తుంది.

"ఈ తవుడెందుకు నాన్నా? కోళ్లేమన్నా తెచ్చావా?" అంది, పొయ్యి పక్కన గిన్నె చూసి.

"నత్తలకి. మొక్కల చుట్టూ పెడతాను."

"నత్తలకి వేడినీళ్లలో కలిపి పెడతావా? జలుబు చేస్తుందనా?"

వాల్టర్ గిన్నెను గట్టు కిందికి తోశాడు.

"సిరిల్ బాబాయి ఎలా ఉన్నాడు?"

"వాడికేం. కుందేలే చిక్కిపోతోంది."

"చిక్కిపోతోందా? పోయిన వారం చూశాను. పొట్ట నేలకి రాసుకుంటోంది."

"అది నీరు. పస్తులుంటే పొట్ట ఉబ్బుతుంది."

జూడిత్ సంచీలోంచి గుడ్లు తీస్తున్నదల్లా ఆగింది. "అంత బాధగా ఉంటే ఎందుకిచ్చావు? అది అమ్మ కుందేలు. నన్నొక్క మాట అడిగితే తీసుకెళ్లేదాన్ని కదా. బాబాయి అడగ్గానే ఇచ్చేశావు."

"అడిగాడు. ఇచ్చాను. ఎన్నిసార్లు చెప్పాలి?"

"అమ్మ పేరు ఎత్తితే చాలు, నీకు కోపం. బట్టలు చర్చికి ఇచ్చేశావు. ఫోటో తీసి సొరుగులో పెట్టావు. ఏడు నెలల్లో ఆవిడ గురించి నాతో ఒక్క ముక్క మాట్లాడావా?"

"మాట్లాడితే ఏమొస్తుంది? లేచి వస్తుందా?"

జూడిత్ ఇంకేదో అనబోయింది. అంతలో పెరట్లోంచి సిరిల్ గొంతు వినిపించింది. పేపరుకు వెళ్లలేదు. గోడ అవతల నిలబడి ఉన్నాడు.

"వాల్ట్, ఒకసారి వస్తావా? బటన్ నిన్న మధ్యాహ్నం నుంచి ఏమీ తినడం లేదు. నీళ్లు కూడా ముట్టలేదు. మూలకెళ్లి కూర్చుని పళ్లు నూరుతోంది."

వాల్టర్ చెప్పుల కోసం కూడా చూడలేదు. మేజోళ్లతోనే గోడ దగ్గరికి వెళ్లాడు. గూటి మూలలో కుందేలు ముద్దలా ముడుచుకుని ఉంది. అతని అడుగు విన్నా కదలలేదు. కళ్లు సగం మూసుకుని ఉన్నాయి.

అతనిలో భయం ముందు పుట్టింది. నోట్లోంచి మాత్రం కోపమే వచ్చింది.

"మాడ్చి చంపావు కదయ్యా."

"ఏమన్నావు?"

"గడ్డి పరకలు వేసి పెంచుదామనుకున్నావా? లైబ్రరీలో పుస్తకం చదివి కుందేళ్లు పెంచుతారా ఎవడైనా? మా నాన్న పన్నెండింటిని పెంచాడు. నీకు ఒకటి ఇస్తే ఒకటి చంపావు. పెట్టెలో పెట్టి ఇలా ఇవ్వు. తీసుకెళ్తాను."

సిరిల్ నెమ్మదస్తుడు. ప్రయాణికులు తిట్టినా హారన్ కొట్టని మనిషి. ఆ రోజు అతని చెవులు ఎర్రబడ్డాయి.

"నువ్వు నాకు ఇచ్చావా? ఇవ్వడమంటారా దాన్ని? అంత్యక్రియలైన వారం తిరక్కుండా అట్టపెట్టె నా గడప మీద దించి తలుపు కొట్టావు. తీసేసరికి నీ వీపు కనిపించింది. లోపల ఏముందో కూడా చెప్పలేదు. పెట్టె కదిలితే గుండె ఆగినంత పనైంది నాకు."

జూడిత్ గుమ్మంలో నిలబడి వింటోంది. "బాబాయి అడగలేదా?" అంది.

"నేనా? నేనెందుకడుగుతానమ్మా? నాకు చేపల తొట్టంటేనే భయం."

జూడిత్ తండ్రి వైపు చూసింది. వాల్టర్ గోడ మీద నాచు గీకుతున్నాడు.

"అది కాదు ఇప్పుడు సంగతి. నోరా పెట్టిన తిండి తిని నాలుగేళ్లు బాగుంది. వీడి గడ్డి తిని ఏడు నెలల్లో ఇలా అయింది," అన్నాడు.

"అమ్మ ఏం పెట్టేది నాన్నా?" అంది జూడిత్.

వాల్టర్ గుర్తు చేసుకోబోయాడు. నోరా రోజూ పొద్దున్నే వంటగదిలోంచి పెరట్లోకి వెళ్లేది. చేతిలో ఏదో ఉండేది. అతను పేపరు చదువుకునేవాడు. నాలుగేళ్లు. ఏముందో ఒక్క రోజు తలెత్తి చూడలేదు.

"గడ్డే పెట్టేది," అంది జూడిత్. "గడ్డి, రెండు ఆకులు. అంతే."

"నాకు చెప్పింది కూడా ఆవిడే, ఈ గోడ మీద చేతులు పెట్టుకుని," అన్నాడు సిరిల్. "పుస్తకం తరవాత తెచ్చాను, మరిచిపోతానేమోనని."

జూడిత్ కారు తాళాలు తెచ్చింది. సిరిల్ కుందేలును తువ్వాలులో చుట్టి, ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చున్నాడు. వాల్టర్ ముందు కూర్చుని, దారంతా తన మోకాళ్లే చూసుకున్నాడు.

పశువుల డాక్టరు చిన్నావిడ. కుందేలు పొట్ట మీద గొట్టం ఆనించి చాలాసేపు విన్నది. రెండు వేళ్లతో తట్టి చూసింది.

"పేగులు కదలడం లేదు. కడుపు నిండా గాలి. ఏం తింది లంబ్ గారూ?"

"గడ్డే తల్లీ. మార్చిలో మీరు లావెక్కిందన్నారని ఆకులు కూడా సగం చేశాను. అయినా ఏప్రిల్లో ఇంకా పెరిగింది. మళ్లీ తగ్గించాను. గాలి పీల్చి లావెక్కే కుందేలును నేనెక్కడా చూడలేదు."

సిరిల్ గిన్నెలో ఆకులు తగ్గడం వాల్టర్ మార్చిలోనే గమనించాడు. గమనించి, తన గిన్నెలో తవుడు పెంచాడు.

డాక్టరు కళ్లజోడు తీసింది. "గడ్డి మాత్రమే తినే కుందేలుకి ఇంత గాలి పట్టదు. అయితే లోపల ఏదో అడ్డం పడి ఉండాలి. అదే అయితే మందులతో పోదు. కోసి చూడాలి. ఇలాంటి స్థితిలో కోస్తే నూటికి ఇరవై బతుకుతాయి. ఆలస్యం చేస్తే అదీ లేదు. మీరు ఊఁ అంటే ఇప్పుడే మొదలుపెడతాను."

సిరిల్ కళ్లనిండా నీళ్లతో జూడిత్‌ను చూశాడు. జూడిత్ తండ్రిని చూసింది. "అమ్మ ఉంటే ఏమనేదో," అంది.

గోడ మీద కుక్కల బొమ్మలున్న పటం ఒకటి వేలాడుతోంది. వాల్టర్ దాన్నే చూస్తున్నాడు. నోరు మూసుకుంటే ఎవరికీ ఏమీ తెలియదు. కోస్తారు. చచ్చిపోతే సిరిల్ చేతకానితనం వల్ల చచ్చిందంటారు. ఆ మాట తను ఫిబ్రవరి నుంచీ అంటున్నదే.

"కోయొద్దు," అన్నాడు.

"నాన్నా, డాక్టరుగారు చెబుతున్నారు కదా..."

"పచ్చగడ్డి. బకెట్టెడు." అతను పటం మీంచి కళ్లు తిప్పలేదు. "గురువారం సాయంత్రం మిషనుతో పెరట్లో గడ్డి కోశాను. కోసిన గడ్డి రాత్రంతా బకెట్లో ఉంది. పొద్దున వేసేటప్పుడు చేతికి వెచ్చగా తగిలింది. అయినా వేశాను. అంతా తినేసింది."

"మిషనుతో నలిగిన గడ్డి గంటల్లో పులుస్తుంది," అంది డాక్టరు నెమ్మదిగా. "ఇంకా ఏమన్నా పెట్టారా?"

"తవుడు కలిపి. రొట్టె అంచులు."

"ఎన్నాళ్లుగా?"

"ఫిబ్రవరి."

"ఇంకా?"

"బిస్కెట్లు."

"ఎన్ని?"

"రోజుకి రెండు." పటంలో కుక్కల్నే చూస్తున్నాడు. "ఆదివారం మూడు."

సిరిల్ అక్కడున్న స్టూలు మీద కూలబడ్డాడు. "కంచే చేను మేసిందన్నమాట," అన్నాడు. కోపంగా అనలేదు. అదే వాల్టర్‌కు ఎక్కువ తగిలింది.

డాక్టరు అప్పటికే సూదిమందు తీస్తోంది. "మంచి పని చేశారు చెప్పి. కోయక్కర్లేదు, ముందు మందులతో చూద్దాం. ఇలా పెట్టాలని మీకెవరు చెప్పారు?"

"మా నాన్న. పన్నెండు పెంచాడు. ఒక్కటి కూడా జబ్బు పడలేదు."

"ఎన్నేళ్లు బతికేవవి?"

వాల్టర్ జవాబు చెప్పబోయి ఆగాడు. అరవై ఏళ్లుగా ఎవరూ అతన్ని ఆ ప్రశ్న అడగలేదు. అతనూ తనను తాను ప్రశ్నించుకోలేదు.

"క్రిస్మస్ దాకా," అన్నాడు.

వసంతంలో పుట్టేవి, డిసెంబరులో కుండలోకి పోయేవి. వాళ్ల నాన్న మేత వేసింది మాంసం కోసం. రెండో ఏడు చూసిన కుందేలు ఆ ఇంట్లో లేదు. ఉంటే ఆ తవుడు, ఆ రొట్టె దాన్ని ఏం చేసేవో నాన్నకే తెలిసేది. తనకు తెలిసిందంతా చంపుకు తినే కుందేలును ఎలా పెంచాలో. ఆ విద్యే పట్టుకొచ్చి నోరా కుందేలు మీద చూపించాడు.

డాక్టరు రెండు సూదులు వేసింది. చర్మం కింద నీళ్లు ఎక్కించింది. గంటకోసారి పట్టమని సిరంజీలో గడ్డిపొడి జావ ఇచ్చింది. పొట్ట ఎలా నిమరాలో సిరిల్‌కు చూపించబోతే, "నాకు చూపించండి," అని వాల్టర్ ముందుకు వచ్చాడు. "సాయంత్రం లోపల పెంటికలు వేస్తే గండం గడిచినట్టే," అందావిడ. "వెయ్యకపోతే నాకు ఫోన్ చెయ్యండి."

సిరిల్ వంటింట్లో పొయ్యి ముందు నేల మీద దుప్పటి పరిచారు. వాల్టర్ మోకాళ్ల మీద కూర్చుని, మొదటిసారి ఆ కుందేలును ఒళ్లోకి తీసుకున్నాడు. అనుకున్నదానికన్నా బరువుగా ఉంది. ఆ బరువు తను పెట్టిందే. పన్నెండయింది, ఒంటిగంటయింది. సిరిల్ టీ పెట్టి ఒక కప్పు అతని పక్కన ఉంచాడు. మాట మాత్రం కలపలేదు.

రెండు దాటాక వాల్టరే నోరు విప్పాడు.

"నోరా పోయిన తరవాత, నా అడుగు వినపడితే చాలు, ఇది తీగల దగ్గరికి ఉరికొచ్చేది. నన్ను చూసేది. చూసి వెనక్కి తిరిగి లోపలికి పోయేది. రోజూ. పొద్దునా సాయంత్రమూ. నాలుగు రోజులు చూశాను. ఐదో రోజు పెట్టెలో పెట్టి నీ గడప మీద దించాను."

గిన్నెలు కడుగుతున్న జూడిత్ అటు తిరిగే ఉంది. కుళాయి ధార కింద ఒకే పళ్లెం చాలాసేపు పట్టుకుంది.

"తరవాత ఒకరోజు గోడ మీంచి బిస్కెట్టు ముక్క వేశాను. మర్నాడు నన్ను చూసి పరుగెత్తుకొచ్చింది."

"బిస్కెట్టు కోసం," అన్నాడు సిరిల్.

"బిస్కెట్టు కోసమే. నాకు తెలియదా?"

సిరిల్ కుర్చీ దగ్గరగా జరుపుకున్నాడు. "చెప్పొచ్చు కదయ్యా. గోడే కదా మధ్యలో ఉంది, సముద్రం లేదు కదా. రోజూ వచ్చి నువ్వే మేత వేసుకునేవాడివి. నేను హాయిగా పేపరు చదువుకునేవాణ్ణి."

"నీకు చేతకాదని చెప్పాలంటే సులువు. ఇది చెప్పడం కష్టం."

నాలుగున్నరకు సిరిల్ కుర్చీలోనే కునుకు తీశాడు. వాల్టర్ చెయ్యి మాత్రం డాక్టరు చూపినట్టు పొట్ట మీద కిందికి మెల్లగా జరుగుతూనే ఉంది. మోకాళ్లు ఎప్పుడో మొద్దుబారాయి. ఐదు కావస్తుండగా అతని అరచేతి కింద ఏదో గుడగుడ కదిలింది. కుందేలు ఒళ్లు విరుచుకుని, ఒళ్లోంచి దిగి, దుప్పటి మీద రెండు అడుగులు వేసింది. ఆగింది.

"సిరిల్."

"ఊఁ?"

"లే. ఇటు రా."

దుప్పటి మీద ఒక పెంటిక ఉంది. మిరియపు గింజ కన్నా కొంచెం పెద్దది. వాళ్లు చూస్తుండగానే మరొకటి పడింది. తరవాత వరసగా మూడు. ఇద్దరు ముసలివాళ్లు మోకాళ్ల మీద వంగి, పురిటి గది బయట కబురు విన్నవాళ్లలా వాటిని చూస్తూ ఉండిపోయారు.

"ఐదు," అంది జూడిత్ వాళ్ల తలల మీంచి చూస్తూ. "లేదు, ఆరు."

"బంగారు తల్లి," అన్నాడు సిరిల్. కుందేలు గడ్డి కట్టను వాసన చూసి ఒక పరక లాగింది. నములుతున్న చప్పుడు ఆ గదిలో అందరికీ వినిపించింది. సిరిల్ ఏడుస్తూ నవ్వాడు. డాక్టరుకు ఫోన్ చేసి, పెంటికల లెక్క రెండుసార్లు చెప్పాడు.

వాల్టర్ గోడ పట్టుకుని లేచి పెరట్లోకి వెళ్లాడు. జూడిత్ కాసేపటికి వెళ్లి పక్కన నిలబడింది. అతని భుజాలు కదులుతున్నాయి. అంత్యక్రియల రోజున కూడా కదలని భుజాలు.

"చంపేసేవాణ్ణి జూడిత్. ఆవిడ చేత్తో పెంచింది ఇదొక్కటే మిగిలింది. దీన్నీ చంపేసేవాణ్ణి."

"చంపలేదు కదా. నువ్వు చెప్పబట్టే బతికింది." ఆమె అతని చేతిలో చెయ్యి పెట్టింది. అతను తీయలేదు.

సిరిల్ గుమ్మంలోంచి తల బయటపెట్టాడు. "వాల్ట్, రేపటి నుంచి తొమ్మిదింటికి నేను పేపరుకు వెళ్తాను. గడ్డి సంచీ తలుపు పక్కనే ఉంటుంది. గేటు తీసుకుని మనిషిలా లోపలికి రా. గడ్డి తప్ప ఇంకేదైనా పెట్టావో, ఈ గోడ మీద ఇంకో గోడ కట్టిస్తాను."

"కట్టించు. రాళ్లు నా పెరట్లోనే ఉన్నాయి," అన్నాడు వాల్టర్.

మర్నాటి నుంచి గేటు తీసుకునే వెళ్లాడు. వారం రోజులు కుందేలు అతని వేళ్లు వాసన చూసి, బిస్కెట్టు లేదని తెలుసుకుని, వెనక్కి తిరిగి పోయింది. ఈసారి అతను పారిపోలేదు. గడ్డి సర్ది, నీళ్లు మార్చి, అక్కడే పీట మీద కూర్చున్నాడు. ఎనిమిదో రోజున అది తిరిగి వచ్చి, అతని బూటు పక్కన పడుకుని గడ్డి నమిలింది. ఎందుకు వచ్చిందో అతను అడగలేదు.

ఆ శనివారం జూడిత్ సరుకులు దించుతూ, "పబ్బులో నీ స్నేహితులకి చెప్పావా నాన్నా, ఆదివారం మూడు బిస్కెట్ల సంగతి?" అంది నవ్వుతూ.

వాల్టర్ నవ్వలేదు. సొరుగు లాగి, నోరా ఫోటో తీసి, చొక్కా చేతితో తుడిచి కిటికీలో నిలబెట్టాడు. అది వంకరగా ఉంటే సరిచేశాడు.

"చూడమ్మా. మీ అమ్మ గురించి ఏం కావాలన్నా అడుగు, చెబుతాను. ఎంతసేపైనా సరే. ఆ బకెట్టు సంగతి మాత్రం నా దగ్గర ఎత్తకు. సిరిల్‌కీ చెప్పాను, నీకూ చెబుతున్నాను. అది అయిపోయింది. బతికున్నన్నాళ్లు దాని గురించి ఇంకొక్క మాట మాట్లాడను."